జహాజు సవతి

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. మాజీ సైనికుల సంఘం వాళ్ళు సంవత్సరీకానికి చిన్న పుస్తకం ఒకటి వేస్తారట. మొన్న ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఏ సంవత్సరం నేవీలో చేరాడు, ఏ హోదాలో దిగాడు, ఛాతీ మీద ఏ రిబ్బన్లు ఉండేవి, అవన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయట. "మనిషి గురించి మీరు నాలుగు మాటలు రాసియ్యుండ్రి మేడం" అన్నారు. నేను సరేనన్నాను. లేచి చెప్పులేసుకుంటూ, "ఆయన పనిచేసిన ఓడ గురించి కూడ జర రాస్తే మంచిగుంటది" అన్నారు.

అదీ సంగతి. చచ్చిపోయాక కూడా ఆయన గురించి రాయమంటే దాని గురించి రాయమనే.

రాస్తాను. ముప్పై ఏళ్ళు అంగన్వాడీలో పిల్లలకు కథలు చెప్పినదాన్ని, నాలుగు మాటలు రాయలేనా? కానీ ముందే చెబుతున్నాను, ఆ ఓడంటే నాకు పడదు. విమానాలను నెత్తిన మోసుకుని సముద్రంలో తిరిగే ఓడ అది. దాని పేరు నా చేత్తో రాయను. మా ఆయన పేరు రాయనిది వేరే కారణం. ఆయన బతికుండగా నోటితో అనని పేరు ఇప్పుడు కాగితం మీద పెట్టబుద్ధి కావడం లేదు. ఓడ పేరు రాయనిది మాత్రం కుళ్ళుతోనే.

లక్సెట్టిపేటలో ఆయనను ముఖం కంటే ముందు నడకను బట్టి గుర్తుపట్టేవారు. కాళ్ళు ఎడంగా వేసి, నేల ఎటు ఒరుగుతుందో చూసుకుంటున్నట్టు నడిచేవాడు. గడప వస్తే మోకాలు పైకెత్తి దాటేవాడు. ఓడలో ప్రతి తలుపుకూ ఎత్తైన ఇనుప గడప ఉంటుందట, చూసుకోకపోతే మోకాలిచిప్ప పగులుతుందట. మనిషి పొట్టి. అయినా మా దర్వాజ కింద తల వంచకుండా ఎన్నడూ లోపలికి రాలేదు. కొత్తలో మా అత్తమ్మ మురిసిపోయేది, కొడుకు ఇంటి లక్ష్మికి దండం పెట్టుకుంటున్నాడని. ఆయన వంగింది ఎవరికో నాకు తెలుసు.

విమానాల హోరుకు ఒక చెవి పోయింది. అందువల్ల మెల్లగా మాట్లాడడం అనేది ఆయనకు తెలియదు. మా ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే వాడకట్టంతటికీ తెలిసేది. నోటితో చెప్పగలిగినదంతా చేతులతో కూడా చెప్పేవాడు. డెక్కు మీద ఆయన పని అదేనట, విమానాలకు సైగలు చేసి ముందుకు రప్పించడం, ఆపడం, పక్కకు జరపడం. ఇంటికి వచ్చాక విమానాలు దొరక్క మా ఊరి బస్టాండులో నిలబడేవాడు. బస్సు వెనక్కి వస్తుంటే రెండు చేతులు పైకెత్తి ఊపేవాడు; చేతులు అడ్డంగా ముడిస్తే ఆగాలని లెక్క. డ్రైవర్లు మొదట్లో నవ్వారు. కొన్నాళ్ళకు ఆయన కనిపించకపోతే "నేవీ సారు రాలేదా ఇయ్యాల?" అని అడగడం మొదలుపెట్టారు.

నాతోనూ అంతే. చాయ్ కావాలంటే చూపుడు వేలు గాల్లో గుండ్రంగా తిప్పేవాడు. ఇంజను స్టార్టు చేయమనే సైగట అది.

"నేనేమన్న ఇమానాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఇమానమైతే చెప్పినట్టు ఇంటుండె" అన్నాడు.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా బాపుకు ఇంట్లోనే రెండు సాంచలు ఉండేవి, కరెంటుతో నడిచే మగ్గాలు. సంబంధం తెచ్చిన మనిషి "పిల్లగాడు ఇమానాల నౌకరి" అన్నాడు. ఇంకొకరు "కాదు, జహాజు నౌకరి" అన్నారు. చూపుల నాడు మా బాపు ఉండబట్టలేక అడిగేశాడు.

"నీళ్ళ మీద జహాజు, జహాజు మీద ఇమానాలు. మరి గంత బరువుకు మునగదా పిల్లగా?"

అంతే. నన్ను చూడడానికి వచ్చిన మనిషి తాంబూలం పళ్ళెం ముందుకు లాక్కుని, ఆకులు పక్కన పెట్టి, వక్కలను విమానాలుగా పేర్చి, ఇది డెక్కు, ఇది లిఫ్టు, ఇక్కడ ముందు భాగం కొండ ఎక్కినట్టు పైకి లేచి ఉంటుంది, విమానం ఇక్కడినుంచి ఉరుకుతుంది, మళ్ళీ వచ్చి గాల్లోనే నిలబడి నిలువునా దిగుతుంది అని మా బాపుకు, మా కాకలకు, కిటికీలోంచి చూస్తున్న పక్కింటివాళ్ళకు చూపించాడు. మా బాపు వక్క చేతిలో పట్టుకుని నిలువునా దింపి చూశాడు. నేను చాయ్ కప్పులతో నిలబడే ఉన్నాను. ఆ రోజు నా ముఖం ఆయన చూశాడో లేదో నాకు చివరిదాకా అనుమానమే. అడిగితే "చూడకుంటనే చేసుకున్ననా?" అనేవాడు. అది జవాబు కాదు.

పెళ్ళయ్యాక దాని చరిత్ర అంతా నాకు చెప్పాడు. కొత్త పెళ్ళాంతో ఏం మాట్లాడాలో తెలియని మగవాళ్ళు ఉంటారు. ఈయనకు ఆ ఇబ్బంది లేదు. దాని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ చాలా ఏళ్ళు కాపురం చేసింది, వేరే పేరుతో. ఎక్కడో భూమి చివర ఒక యుద్ధానికి వెళ్ళి గెలిచి వచ్చింది. వయసు మళ్ళాక అక్కడివాళ్ళు వద్దనుకుంటే మనవాళ్ళు కొనుక్కుని, మరమ్మతులు చేయించి, పేరు మార్చి తెచ్చుకున్నారు. ఆయన ఇదంతా కళ్ళు మెరుస్తుండగా చెప్పాడు. నేను మొత్తం విని, "అంటే మారు మనువు చేసుకున్నదన్నట్టు" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. ఆ పూట అన్నం సగంలో లేచాడు. నాకు భలే సంతోషం వేసింది.

పండుగకో పబ్బానికో సిరిసిల్ల వెళితే అక్కడ ఇంకో తమాషా. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన అల్లుళ్ళెవరికీ సాంచల చప్పుడుకు నిద్ర పట్టదు. ఈయన మాత్రం సాంచ పక్కనే చాప వేసుకుని గుర్రు పెట్టేవాడు. మా బాపు అందరికీ చెప్పుకున్నాడు, "మా అల్లునికి మా ఇల్లంటే గంత పాణం" అని. లక్సెట్టిపేటలో మాత్రం నిశ్శబ్దంగా ఉందని నిద్రపట్టక చలికాలంలో కూడా ఫ్యాను పెట్టుకునేవాడు. ఓడలో ఇరవైనాలుగు గంటలూ ఇంజన్ల మోత ఉంటుందట. అది లేకపోతే ఏదో చెడిపోయిందని భయమేస్తుందట. మా పుట్టింటిని కూడా ఆయన నా వల్ల ఇష్టపడలేదు.

పక్కింటి లచ్చక్క భర్త అప్పట్లో మస్కట్‌లో ఉండేవాడు. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరేవాళ్ళం. ఒకనాడు ఉన్నట్టుండి అడిగింది.

"నా మొగడు పోంగ ఏడుస్తడు, రాంగ నవ్వుతడు. నీ మొగడేందే, పోంగ నవ్వుతడు?"

 నిజమే. సెలవు అయిపోయి పెట్టె సర్దుకునే రోజున ఆయన ఈల వేసేవాడు. మంచిర్యాల స్టేషనులో రైలు కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చేయి ఊపేవాడు. ఒక్కసారైనా ఆ ముఖంలో దిగులు వెతుక్కుంటూ నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచేదాన్ని.

ఇంతవరకూ చెప్పినవన్నీ నవ్వుకునే సంగతులే. ఒక్కటి మాత్రం కాదు.

మొదటి కాన్పు సిరిసిల్లలో అయింది. మగపిల్లవాడు. తొట్టెలలో వేసి పేరు పెట్టకముందే పోయాడు. మా బాపు టెలిగ్రాం ఇచ్చాడు. అప్పుడు ఆ ఓడ ఎక్కడో నడిసముద్రంలో ఉంది. ఈయన ఇంటికి చేరేసరికి నన్ను లక్సెట్టిపేట తెచ్చేశారు, నా పాలు ఎండిపోయాయి. సంచీ గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, "అవ్వా, తిన్నవా?" అని వాళ్ళమ్మను అడిగాడు. నా పక్కన కూర్చుని నా తల మీద చేయి పెట్టాడు. కళ్ళలో తడి లేదు. ఎర్రబడను కూడా లేదు. మరునాడు పొద్దున నేను లేచేసరికి వాకిట్లో తల వంచుకుని నడుస్తూ రాళ్ళు ఏరుతున్నాడు.

ఆ రాళ్ళు ఏరడం కూడా దాని దగ్గర నేర్చిందే. విమానాలు లేవకముందు డెక్కు ఈ పక్కనుంచి ఆ పక్కదాకా మనుషులంతా భుజం భుజం కలిపి వరుసగా నిలబడి, కిందికి చూస్తూ నడుస్తారట. మేకు, బోల్టు, గుండీ, గులకరాయి, ఏది కనిపించినా ఏరాలి. ఇంజను దాన్ని పీల్చుకుంటే విమానం పోతుంది, లోపలి మనిషీ పోతాడు. పెద్ద ఆఫీసరు కూడా ఆ వరుసలో నడవాల్సిందేనట. మంచి పనే, కాదనను. కానీ కొడుకు పోయిన ఇంటికి వచ్చిన మొదటి పొద్దున చేయాల్సిన పనా అది?

అత్తమ్మ నన్ను సముదాయించింది. "గుండె రాయి చేసుకున్నడు బిడ్డా. మొగోళ్ళు గట్లనే."

"రాయి కాదత్తా, ఇనుము" అన్నాను.

అప్పటినుంచి నాకు ఒకటే కోరిక. చీరలు అడగలేదు, నగలు అడగలేదు, ఊళ్ళు తిప్పమని అడగలేదు. ఆ పిల్లవాడి కోసం ఆయన నా కళ్ళముందు ఒక్కసారి ఏడవాలి. నేనొక్కదాన్నే కన్నట్టు, నేనొక్కదాన్నే పోగొట్టుకున్నట్టు బతకడం నావల్ల కాలేదు. సెలవులో వచ్చినప్పుడల్లా ఎదురుచూశాను. వాడి ఈడు పిల్లలు బడికి పోతుంటే చూపించాను. ఒకనాడు సూటిగానే అడిగాను, "నీకు వాడు యాదికొస్తడా?" అని. ఆయన లేచి, "చాయ్ తాగుదమా?" అన్నాడు. తాగాం. ఏం చేస్తాం?

తర్వాత బిడ్డ పుట్టింది. ఈసారి సెలవు దొరికి దగ్గరే ఉన్నాడు. పొత్తిళ్ళలోని పిల్లను రెండు అరచేతుల మీద పట్టుకుని తెగ సంబరపడ్డాడు. సంబరం మధ్యలో, పిల్లకు ఓడ పేరు పెడదామన్నాడు. అది ఆడపిల్లకు పెట్టే పేరు కూడా కాదు. చివర ఒక దీర్ఘం తగిలిస్తే సరిపోతుందట.

"నా సవతి పేరు నా బిడ్డకా?" అని మంచం మీదనే లేచి కూర్చున్నాను. పచ్చి బాలింతను. అత్తమ్మ పరుగెత్తుకొచ్చి, "సవతేందే? ఎవతెరా అది?" అని కొడుకును పట్టుకుంది. దర్వాజకు అడ్డం నిలబడి విషయం తేలేదాకా వదల్లేదు. తేలాక నవ్వడం మొదలుపెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వలేదు.

పెద్దపల్లిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి సంగతి చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తి కాదు. ముహూర్తానికి ముందు పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుండడం, ఫంక్షన్ హాలు ముందరి మైదానంలో మేకులు, సీసా మూతలు పడి ఉండడం ఈయన కళ్ళబడ్డాయి. మగపెళ్ళివారు అప్పుడే బస్సు దిగుతున్నారు. ఈయన రెండు చేతులు చాపి వాళ్ళను వరుసగా నిలబెట్టాడు. ఆ చేతులు చూస్తే ఎవరికైనా మాట వినాలనిపిస్తుంది. పెళ్ళికొడుకు తండ్రి, మేనమామలు, డోలు మెడలో వేసుకున్న బ్యాండువాళ్ళు, అందరూ భుజం భుజం కలిపి కిందికి చూస్తూ మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. పిన్నీసులు, గాజు ముక్కలు, ఎవరిదో వెండి మట్టె దొరికాయి. మట్టె దొరకగానే ఈలలు వేశారు.

వాళ్ళంతా దాన్ని మా ఇంటి ఆచారం అనుకున్నారు. ఎదురుకోళ్ళలో అదొక భాగమనుకుని ఎవరూ కిక్కురుమనలేదు. ఆ మరుసటేడు వాళ్ళింట్లో ఇంకో పెళ్ళయితే, "కోడలి పుట్టింటి రివాజు, మస్తు కలిసొచ్చింది" అని తామే వరుసగా నిలబడి నడిచారట. పంతులు కూడా నడిచాడట. ఈయన ఆ మాట విని పడీ పడీ నవ్వాడు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం పట్టుచీరలో చెమటలు పోశాయి. పెళ్ళి పందిట్లో కూడా దాని డెక్కే పరిచాడు కదా అని.

పెన్షన్ వచ్చి ఇంట్లో కూర్చున్నాక అయినా నావాడు అవుతాడనుకున్నాను. ఏం కాలేదు. అది ఇంకా నౌకరీలో ఉంది. ఇప్పుడు ఏ రేవులో ఉంది, ఎవరు నడుపుతున్నారు, ఏ బాయిలరు ఇబ్బంది పెడుతోంది, అన్నీ ఫోన్లలో కనుక్కునేవాడు. రెండు చెంబులతో స్నానం ముగించి, నేను బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుంటే "సముద్రం నడుమ మంచి నీళ్ళ విలువ నీకేం తెలుసు?" అనేవాడు. పక్కన గోదావరి పారుతున్న ఊళ్ళో ఈ మాట. నిజంగానే నేను చాలాసార్లు కావాలని రెండో బకెట్టు పట్టుకునేదాన్ని.

చివరికి దానికీ వయసైపోయింది. ముంబైలో పొద్దుగూకే వేళ దాని జెండా దించడం టీవీలో చూపించారు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు నిటారుగా నిలబడ్డాడు. అయిపోయాక కూడా ప్రకటనలు వస్తుంటే అలాగే నిలబడ్డాడు. దాన్ని మ్యూజియం చేస్తారని కొన్నాళ్ళు, సముద్రం ఒడ్డున హోటలు చేస్తారని కొన్నాళ్ళు ఆశపడ్డాడు. ఏదీ కాలేదు. పాత ఇనుము కింద అమ్మేశారు. గుజరాత్ తీరంలో ఇసుకలోకి ఎక్కించి ముక్కలు చేస్తున్నారని తెలిసిన రోజు ఈయన బస్టాండుకు వెళ్ళలేదు.

నాకు లోపల చల్లగా అనిపించింది. అబద్ధమెందుకు?

రెండు రోజులు చూసి, "నేను పోయి చూసొస్త" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. నేను వద్దంటాననుకున్నాడు.

"నేను సుత వస్త" అన్నాను.

"నువ్వెందుకే? గా ఎండల, గా బురదల?"

"చచ్చిన సవతి మొకం నేను చూడొద్దా?"

మంచిర్యాలలో రైలెక్కాం. దారి కోసం బియ్యప్పిండి సర్వప్పలు కాల్చి, పల్లి కారం కట్టాను. పట్టుచీర ఒకటి విడిగా మడత పెట్టుకున్నాను. సవతిని చూడబోతూ నలిగిన చీర ఎవరు కట్టుకుంటారు? అహ్మదాబాదు దాకా ఆయన కిటికీ వదల్లేదు. ఎదురు సీట్లో ఒక పత్తి వ్యాపారి కుటుంబం ఉంది, ఆదిలాబాద్ వాళ్ళు. వాళ్ళకు డెక్కు ఎంత పొడవుంటుందో, తుఫానులో విమానాలు కదలకుండా ఎలా కట్టేస్తారో చెప్పుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ మరాఠీలో ఏదో అని నవ్వింది. కొడుకు నాకు తెలుగులో చెప్పాడు: "మీ ఆయన అత్తగారింటికి పోతున్నట్టున్నడు అంటుంది మా ఆయీ." నేను సర్వప్ప విరిచి ఆమె చేతిలో పెట్టాను. ఏమనాలి మరి?

అక్కడ గేటు దగ్గర ఆయన పాత కార్డు చూపిస్తే కాపలా మనిషి సలాం కొట్టాడు. మా ఇద్దరి నెత్తిన ప్లాస్టిక్ టోపీలు పెట్టి, ఒక తాడు దాకా తీసుకెళ్ళి, ఇది దాటొద్దన్నాడు. పట్టుచీర మీద పసుపుపచ్చ టోపీతో నిలబడి నేను దాన్ని మొదటిసారి కళ్ళారా చూశాను.

ఇన్నేళ్ళూ ఎంతో ఊహించుకున్నాను. ముందు భాగం అప్పటికే లేదు. బీరువా తలుపులు తీసినట్టు లోపలి అరలన్నీ బయటపడి ఉన్నాయి. తుప్పు కారిన చారలు. పోటు తగ్గి, అడుగుభాగమంతా బురదలో కూరుకుని ఉంది. పైన అక్కడక్కడా మనుషులు చీమలంత కనిపిస్తూ గ్యాసు మంటలతో కోస్తున్నారు. ఇదా నా సవతి అనుకున్నాను. ముసలిది, నాకంటే చాలా పెద్దది. గెలిచినట్టనిపించాలి. అనిపించింది కూడా, కాసేపు.

ఆయన ఒక చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని దేన్నో వెతుకుతున్నాడు. దొరికినట్టుంది. చేయి దించాడు. ఉన్నచోటే గొంతుక్కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు. మామూలు ఏడుపు కాదు. భుజాలు ఎగిరిపడుతున్నాయి, ముక్కు కారుతోంది, టోపీ జారి ఇసుకలో పడింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ముఖం అలా కావడం నేను చూడలేదు.

నా ఒళ్ళు మండిపోయింది.

"దీనికేడుస్తున్నవా?" అన్నాను. కాపలా మనిషి ఉన్నాడని కూడా చూడలేదు. "కడుపుల పుట్టినోడు పోతే నీ కన్ను తడువలే. గీ తుప్పుపట్టిన ఇనుముకు గింత ఏడుపా? నువ్వసలు మనిషివేనా?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత ఓడ వైపు చేయి చాపాడు.

"అగో, గక్కడ. రెండో అంతస్తుల ఎర్ర పైపు పక్కపొంటి చిన్న అర్ర, కనవడ్తుందా? గిప్పుడే కోసి తెరిచిండ్రు."

కనబడింది. తలుపు లేదు, ముందరి గోడ లేదు. మా ఇంటి దేవుడి అర్రంత ఉంటుంది.

"ఇమానాలు కట్టేసే గొలుసులు పెడుతుంటిమి అండ్ల. వాడు పోయిండని వైర్‌లెస్ వచ్చిన్నాడు గండ్లనే కూసున్న. పండే కాడ మంది, తినే కాడ మంది, తానం చేసే కాడ మంది. ఏడ్వనీకి జాగేది? గొలుసుల మీద కూసొని ఏడ్సిన."

"గా ఒక్కనాడా?" అన్నాను.

"ఒక్కనాడెందుకు? నౌకరి ఒడిసేదాక. వాడు యాదికొచ్చినప్పుడల్ల గండ్లకే పోతుంటి."

"ఇంటికాడ ఎందుకు ఏడ్వలే? నేను లేనా?"

"నువ్వు ఏడుస్తనే ఉంటివి. నేను సుత ఏడిస్తే నిన్నెవలు పట్టుకుంటరు? అందుకే నా ఏడుపంత ఆడ్నే ఒడగొట్టుకొని, ఇగ లేదన్నంక రైలెక్కుతుంటి." ముక్కు తుడుచుకున్నాడు. "పేరు వెట్టి పిల్చుకుంట ఏడుస్తుంటి."

"పేరా? వానికి పేరెక్కడిది?"

"నేను వెట్టుకున్న. మీ బాపు పేరు."

మా వైపు పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు పెడతారు. నా కడుపులో పిల్లవాడు కదలకముందే అత్తమ్మ తన పెనిమిటి పేరు ఖాయం చేసి పెట్టింది. ఈయన ఆ పేరు కాదని, ఎవరినీ అడక్కుండా, సముద్రం మధ్యలో గొలుసుల గదిలో కూర్చుని, సిరిసిల్ల సాంచల మనిషి పేరు పెట్టుకున్నాడు.

ఇంకొకతె అయితే అక్కడికి కరిగిపోయి మొగుడి చేయి పట్టుకునేదేమో. నాకు మాత్రం అంతకుముందు లేనంత అసూయ పుట్టింది. నేను ఇన్నేళ్ళూ పడ్డ కుళ్ళు ఉత్తదే అనుకున్నాను, ఇనుముతో పోటీ ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఉత్తది కాదు. నాకు దక్కాల్సిన ఏడుపు నిజంగానే అది తిన్నది. నా కొడుక్కి ఒక పేరుందని, ఆ పేరుతో వాడిని తండ్రి పిలిచాడని కన్నతల్లినైన నాకు తెలియదు. దానికి తెలుసు. ఎన్నిసార్లు విన్నదో, ఎన్నేళ్ళు విన్నదో.

"ఇప్పుడు పిలువు" అన్నాను.

"ఏందే?"

"పేరు వెట్టి పిలువు వాన్ని. నా ముందర."

"గింతమందిల?"

"నాకెరుక లేదు. దాని ముందర పిల్చినవు. నా ముందర పిలువు."

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మెల్లగా అనడం ఆయనకు రాదు కదా, మా బాపు పేరు ఆ ఒడ్డంతా వినబడేలా పిలిచాడు. పైన మంటతో కోస్తున్న మనిషి చేయి ఆపి తిరిగి చూశాడు. ఆయన మళ్ళీ పిలిచాడు, ఈసారి నా వైపు తిరిగి, ఏడుస్తూ. అన్నేళ్ళూ ఆ పిలుపు విన్నది పొట్ట చీలి బురదలో పడి ఉంది. ఆ రోజు నేనొక్కదాన్నే విన్నాను.